చిన్నమ్మడు పట్టుకున్న మైకు

నేను ఒక మైకుని. ఇప్పుడు పార్టీ ఆఫీసు అటక మీద దుమ్ములో పడి ఉన్నాను. నన్ను బిగించింది మద్రాసులో ఒక రేకుల షెడ్డులో. నెల్లిపేట జూట్ మిల్లు కార్మిక సంఘం వాళ్లు కొని తెచ్చి వేదిక మీద నిలబెట్టారు. నాకు సొంత అభిప్రాయాలు లేవు. ఉంటే అక్కడ అన్నేళ్లు నిలబడనిచ్చేవారు కాదు.

నా ముందు మొదట మాట్లాడింది సంఘం నాయకుడు దాలినాయుడు. "మన పార్టీ గెలిస్తే ఈ మిల్లు సర్కారుదవుద్ది! సర్కారుదంటే మీదే!" అని చెవులు చిల్లులు పడేలా అరిచాడు. గెలిచారు. అతను మంత్రయ్యాడు, మిల్లును ప్రభుత్వం తీసుకుంది. ఆ రోజు నేత విభాగంలో పనిచేసే చిన్నమ్మడు మంత్రికి దండ వేసి, నాకు బొట్టు పెట్టింది. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఆ మగ్గం మీదే సాకుతున్న మనిషి. నవ్వొచ్చింది కానీ, నాకూ సంతోషమే వేసింది.

రెండో ఏడాదికి మాటలు మారాయి. "స్వాధీనం" పోయి "సామర్థ్యం" వచ్చింది. ఆ తర్వాత "భాగస్వామ్యం". దాలినాయుడు మోసగాడని నేననను. ప్లాస్టిక్ సంచులొచ్చి గోనె సంచుల్ని అడిగే నాథుడు లేకుండా పోయాడు. మిల్లును మోస్తూ పోతే ఆసుపత్రుల్లో మందులుండవని అతను నిజంగానే బాధపడ్డాడు. ఆ మాట కార్మికులతో సూటిగా చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

ఆ సంఘంలో చేతులెత్తి లెక్కపెట్టే అలవాటు లేదు. తీర్మానం చదివాక చప్పట్లు కొడితే ఆమోదించినట్టే. నాలుగో ఏడాది సమావేశంలో మంత్రి "పునర్వ్యవస్థీకరణ" అంటూ ఒక కాగితం చదివాడు. మిల్లును ప్రైవేటు కంపెనీకి ఇచ్చేసి, నేత విభాగాన్ని మూసేయడం అందులోని సంగతి. ఎవరికీ ముక్క అర్థం కాలేదు. చివర పిడికిలెత్తి "కార్మిక ఐక్యత వర్ధిల్లాలి" అన్నాడు. హాలు దద్దరిల్లింది. అందరికంటే గట్టిగా కొట్టింది చిన్నమ్మడే. కార్యదర్శి "ఏకగ్రీవం" అని రాసుకున్నాడు.

పక్కనున్న గుమస్తా విడమర్చి చెప్పాక ఆమె మొహం పాలిపోయింది. వేదికెక్కి నన్ను రెండు చేతులా పట్టుకుంది.

"బాబూ, నాను సప్పట్లు కొట్టింది నీకు. నా మగ్గం మూసీడానికి కాదు. నా సప్పట్లు నాకిచ్చీ."

"రాసీసారమ్మా. ఇంకేటి సేస్తాం?" అన్నాడు మంత్రి నేల చూపులు చూస్తూ. అంటూనే చెయ్యి చాచి నా స్విచ్ కట్టేశాడు.

ఆమెకు తెలియలేదు. పిల్లల చదువు సంగతీ, జనపనార దుమ్ముకి పాడైన తన ఊపిరితిత్తుల సంగతీ, ఈ వయసులో తనకింకెవరూ పనివ్వరన్న సంగతీ చెబుతూనే ఉంది. ఫ్యాన్ల హోరులో జనం లేచి బయటికి నడుస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఒకసారి నన్ను తట్టి, "ఇనిపిస్తందా?" అని అడిగింది. వెళ్లిపోతున్నవాళ్లలో ఎవరో తలూపారు. ఆమె చివరిదాకా చెప్పి, దణ్ణం పెట్టి, ఊరందరికీ చెప్పేశాననుకుని దిగి వెళ్లింది.