గూడబాతులకు మంజూరు

మా ఊరి చెరువులో తుమ్మచెట్ల మీద ఏటా గూడబాతులు గూళ్లు కట్టేవి. దసరా వెళ్లాక వచ్చి, పిల్లల్ని చేసుకుని, మిరపకాయ కళ్లాలు ముగిసే రోజులకు వెళ్లిపోయేవి. పురుటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలని ఊళ్లో అనుకునేవాళ్లు. అందుకే మా ఊళ్లో దీపావళికి దీపాలేగాని టపాకాయలుండవు. బాలింత ఉన్న ఇంట్లో ఎవరన్నా బాంబులు పేలుస్తారా? ఇదెక్కడా కాగితం మీద లేదు, కాని తప్పినవాడూ లేడు.

నేను అక్కడి హైస్కూల్లో సైన్సు మాస్టర్ని. పేరు రాధాకృష్ణమూర్తి. కాగితం మీద లేనిదేదీ నిలవదని నమ్మే జాతి నాది. చెరువు పూడిపోతోంది, తుమ్మలు ఒక్కొక్కటే ఎండిపోతున్నాయి, ఇంకొన్నాళ్లకు పక్షులకు వాలడానికి కొమ్మ ఉండదు. నాలుగేళ్లు అటవీశాఖకు అర్జీ మీద అర్జీ పెట్టాను. "నాకెప్పుడన్నా ఒక్క ఉత్తరం రాశారా?" అని మా ఆవిడ శ్యామలాంబ దెప్పేది.

ఈ పిచ్చిలో నాకు తోడు రాఘవమ్మ ఒక్కతే. చెరువుగట్టు కింద ఎకరం మిరపతోట ఆమెది. భర్త పోయాడు, పిల్లల్లేరు. గూటిలోంచి జారిపడ్డ పిల్లని నీళ్లలో దిగి తెచ్చి, చేపముక్కలు పెట్టి, నిచ్చెన వేసి మళ్లీ గూటికి చేర్చేది. "యేడాదికి ఈ నాలుగు నెల్లే నా ఇల్లు నిండుగా ఉంటది మాస్టారూ" అనేది.

2001 డిసెంబరులో కబురొచ్చింది. ఆఫీసరుగారు స్వయంగా వచ్చి గూళ్లు చూస్తారు, చూసి సంతకం పెడితే నిధులు మంజూరు. పూడిక తీస్తారు, మొక్కలు నాటుతారు, ఎండిన చెట్ల బదులు ఇనప మంచెలు వేస్తారు, చుట్టూ కంచె కడతారు. ఊరు ఊరంతా పెళ్లిపనుల్లో పడ్డట్టు పడింది. ప్రెసిడెంటు బుల్లయ్య మామిడాకులు కట్టించాడు, గుంటూరు నుంచి బ్యాండు మాట్లాడాడు.

నేను స్వాగతపత్రం రాసుకుంటుంటే నా దగ్గరకొచ్చాడు. "మాస్టారూ, జీపు దిగంగానే వెయ్యివాలా ఒకటి పేల్పిద్దామా? అంత పెద్దాయనకి చప్పుడు లేకుండా ఎదురెళ్తే ఊరికేం మర్యాదండీ?"

"కానీండి" అన్నాను. తల కూడా ఎత్తలేదు. పండక్కే టపాకాయ కాల్చని ఊరికి, ఆఫీసరు వస్తున్నాడనేసరికి మతి పోయింది. చదువుకున్న నాకు అందరికన్నా ముందు పోయింది.

జీపు ఆగింది. దండ వేశారు. వెయ్యివాలా అంటించారు.

చెరువు మీది పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆ కంగారులో గూళ్లు చెదిరి, ఇంకా ఈకలు రాని పిల్లలు టపటపా నీళ్లలో పడ్డాయి. పెద్దవి రెండు చుట్లు తిరిగి కృష్ణ వైపు వెళ్లిపోయాయి. బ్యాండువాళ్లు మాత్రం, ఎవరూ ఆపమనలేదు గనక, వాయిస్తూనే ఉన్నారు.

రాఘవమ్మ పరుగెత్తుకొచ్చి, చీర పైకి దోపుకుని చెరువులోకి దిగింది. మిరపకాయలు కోసే తట్టలోకి దొరికినన్ని పిల్లల్ని ఎత్తి, తెచ్చి నా ముందు దించింది. కొన్ని కదులుతున్నాయి.

"మీరున్నారుగా మాస్టారూ" అంది. "మీరున్నారనే నేను ఆఫీసరుగారి భోజనాలకి వంట చూస్తా ఉండిపోయా."



ఆఫీసరు మంచివాడే. "సాయంత్రానికి తిరిగొస్తాయి లెండి" అని కాగితం మీద సంతకం పెట్టాడు. అవి రాలేదు. రాఘవమ్మ ఎంత సాకినా తట్టలోవి వారం తిరక్కుండానే చచ్చిపోయాయి. వాటిని నేనే చంపాను. అంతకన్నా మర్యాదైన మాట వెతికాను, దొరకలేదు.

నిధులొచ్చాయి. ఒక్క రూపాయి పక్కకు పోలేదు, ఆ మాట చెప్పుకోవాలి. పూడిక తీశారు, మంచెలు వేశారు, కంచె కట్టారు, బోర్డు నిలబెట్టారు. రెండు దసరాలు వెళ్లాయి. మంచెల మీద కాకులు వాలాయి.

మూడో ఏడు అమరావతి వెళుతుంటే బస్సులోంచి ఒక ఊరి కుంటలో గూడబాతులు కనబడ్డాయి. ఊరి పేరు చెప్పను. మర్నాడే రాఘవమ్మను తీసుకెళ్లాను. అక్కడ కంచె లేదు, బోర్డు లేదు. గేదెను కడుగుతున్న ఒకాయన మమ్మల్ని చూసి, "వీటికి గవర్నమెంటోళ్లు ఏవో డబ్బులిస్తారంట గదండీ? ఎట్టా రాయాలో మీకేమన్నా తెలుసా?" అని అడిగాడు.

"నాకు తెలీదండీ" అన్నాను.

రాఘవమ్మ గట్టు దిగకుండా ఒక చెట్టు చాటున నిలబడింది. గూటిగూటికీ పిల్లలున్నాయి. తల్లుల గొంతు సంచుల్లోకి ముక్కులు దూర్చి తింటున్నాయి. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఇక్కణ్ణుంచి ఇంకా బాగా కనబడతాయి, ముందుకు రమ్మని పిలిచాను.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"వద్దు మాస్టారూ. మనం వచ్చామని వాటికి తెలీగూడదు. పదండి పోదాం."