కృపమ్మ వాగు దాటిన ముచ్చట

1983 ఆగస్టు పద్నాలుగు, ఆదివారం. పొద్దటి నుంచీ ముసురు. వాన పడుతోందనడానికి లేదు, వెలిసిందనడానికీ లేదు. వరంగల్ మట్టెవాడ సందుల్లో మూడు రోజుల కింద ఉతికిన బట్టలు ఇంకా దండేల మీదే ఉండి ముక్క వాసన కొడుతున్నాయి. లిదియా పొద్దున్నే లేచి, కిరాయికి తెచ్చుకున్న కుట్టుమిషన్‌ను గోడవారకు జరిపి, ముందుగది ఊడ్చి, చర్చి నుంచి తెచ్చిన ఇరవై ఇనుప కుర్చీలను పొడిగుడ్డతో తుడిచింది. పందొమ్మిదింటిని వరసల్లో వేసింది. ఇరవయ్యోదాన్ని అందరికీ ఎదురుగా ఒంటరిగా వేసి, దాని మీద తువాలు పరిచింది. అది ఆమె అమ్మమ్మ కృపమ్మ కుర్చీ.

కృపమ్మ పోయి ఆ రోజుకు పదకొండు రోజులు. మధ్యాహ్నం ఆదరణ కూడిక. పాట, ప్రార్థన, వాక్యం అయ్యాక ఒక్కొక్కరే లేచి పోయినవాళ్ల గురించి సాక్ష్యం చెప్తారు. జరిగింది జరిగినట్టు, కళ్లకు కట్టినట్టు చెప్తే పోయినవాళ్లు వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటారు. ఏ వయసు ముచ్చటైతే ఆ వయసులో వస్తారు. ముచ్చటలో ఏం చేశారో అదే చేస్తారు. చెప్పడం ఆగితే వెళ్లిపోతారు. ఇందులో వింత ఏమీ లేదు. ఎదురింటి ఉప్పలయ్యకు చర్చితో సంబంధం లేకపోయినా, పక్కవాళ్లను చూసి నిరుడు తన తండ్రి దినాలకు ఒక కుర్చీ వేయించాడు. ముసలాయన వచ్చి బీడీ అడిగాడు. ఇచ్చిన బీడీ తను కాల్చే రకం కాదని, వచ్చిన చుట్టాలందరి ముందూ కొడుకును తిట్టి లేచిపోయాడు. ఆ తర్వాత ఉప్పలయ్య బీడీలు మానేశాడు. ఎన్ని రోజులు మానేశాడన్నది వేరే సంగతి.

కృపమ్మ మిషన్ దవాఖానలో నర్సమ్మ. ములుగు అడవి పల్లెల్లో సైకిలు మీద తిరిగి పురుళ్లు పోసింది. ములుగు రోడ్డు మీద సైకిలు తొక్కిన మొదటి ఆడది ఆమేనని మట్టెవాడలో అనేవారు. కాకపోవచ్చు. కానీ చీర కుచ్చిళ్లు గొలుసులో పడకుండా ట్యూబు ముక్కతో బిగించి, హ్యాండిల్‌కు లాంతరు తగిలించుకొని, ఎలుగుబంటి ఎదురైతే గంట కొట్టి “జరుగు, జరుగు” అన్న ఆడది మాత్రం మరొకతె లేదు. మొగుడు తొందరగా పోయాడు. కొడుకులిద్దరినీ హాస్టల్లో వేసి చదివించింది. కూతురు పోతే, నాలుగేళ్ల మనవరాలు లిదియాను తెచ్చుకుంది. 1974లో పక్షవాతం వచ్చి కృపమ్మ కుడిచెయ్యి పడిపోయింది. అప్పటి నుంచి తొమ్మిదేళ్లు ఆమెకు తినిపించిందీ, తల దువ్విందీ, పక్క మార్చిందీ లిదియా. మంచంలో పడుకొని అమ్మమ్మ రోజుకొక ముచ్చట చెప్పేది. అయిపోతే మళ్లీ మొదటి నుంచి చెప్పేది. ఎక్కడైనా ఒక మాట తప్పితే లిదియానే సరిదిద్దేది.

“నేను పోతే ఈ ఇల్లు నీదే బిడ్డా” అని కృపమ్మ అందరి ముందూ అనేది. కాగితం మాత్రం రాయలేదు. పోయిన మూడోనాడే పెద్దకొడుకు ప్రభుదాసు వకీలు దగ్గరకు వెళ్లొచ్చాడు. కాగితం ఏదీ లేకపోతే పోయిన కూతురి వంతు లిదియాకు వస్తుందని వకీలు చెప్పాడు. వీలునామా ఉంటే వేరే సంగతి, అయితే అది చెయ్యి పడిపోకముందు తేదీతో ఉండాలి, సంతకం పాత ఇంటి కాగితాల మీది సంతకంతో కలవాలి అన్నాడు. తన వంతు సంగతి లిదియాకూ తెలుసు. ఆమెకు ఇల్లంతా అక్కర్లేదు, ఆ ముందుగది చాలు. జాకెట్లు కుట్టించుకునే వాళ్లకు ఆ గడప అలవాటు. అది పోతే ఇరవై నాలుగేళ్ల ఆ పిల్లకు వరంగల్లో తల దాచుకునే చోటు లేదు.

పాస్టరయ్య ప్రార్థన అయింది. ముందుగా ప్రభుదాసు లేచాడు.

“మా అమ్మ త్యాగమూర్తి. మా కోసం కొవ్వొత్తి లెక్క కరిగింది. దయగల తల్లి. ఓర్పుగల తల్లి...”

పావుగంట చెప్పాడు. తువాలు ముడత కూడా పడలేదు.

“ఇగ కూసోరాదు. కుర్చీకే నిద్రస్తాంది” అంది అతని భార్య.

చిన్నకొడుకు యోసేపు లేచాడు. “నాకు ఎనిమిదేండ్లప్పుడు ఉట్టి మీది బెల్లం తీసుకొని తిన్న. నేను కాదు, పిల్లి తిన్నదన్న. అమ్మ నా మూతి వాసన జూసి...”

కుర్చీ పైన మోచేతి దాకా ఒక చెయ్యి కనబడింది. అతని చెంప మీద ఛెళ్లున కొట్టి మాయమైంది. గదంతా నవ్వింది. పాస్టరయ్య కండువా అడ్డం పెట్టుకొని నవ్వాడు. ప్రభుదాసు ఒక్కడే నవ్వలేదు.

“ఏ చెయ్యిరా?” అన్నాడు.

“కుడిచెయ్యేనే అన్నా” అన్నాడు యోసేపు చెంప రుద్దుకుంటూ.

ప్రభుదాసు పక్కనున్న సారంగపాణి వైపు చూశాడు. సారంగపాణి రిజిస్ట్రాఫీసు బయట దస్తావేజులు రాసే మనిషి. కూడికకు సంచీతో వచ్చాడు.

తర్వాత లిదియా లేచి పోయిన నెల ముచ్చట చెప్పింది. ఆమె నోరు తెరిచిందో లేదో కృపమ్మ వచ్చి కూర్చుంది. మూతి వంకర, ఒళ్లో పడిపోయిన చెయ్యి, ఇంట్లో వాళ్లంతా ఎరిగిన ముసలమ్మ.

“గంజిల ఉప్పెక్కువైందే లిదియా” అంది. మనవరాలి ముఖం చూసి, “గింతదానికి ఫికర్ ఎందుకే. తింట తియ్యి” అని గుటక వేసింది.

ముచ్చట అంతే. కృపమ్మ వెళ్లిపోయింది. అందరూ కళ్లు తుడుచుకున్నారు. ప్రభుదాసుకు ఆ చేతితో పని లేదు. అతను లిదియా దగ్గరకు వచ్చి తల మీద చెయ్యి వేశాడు.

“బిడ్డా, గా వాగు ముచ్చట చెప్పరాదు. అప్పుడు మేం హాస్టల్ల ఉంటిమి. మేం పైపైన విన్నదే. పూరాగ నీకే తెల్సు.”

ఇరవై ఏళ్లలో పెద్దమామ ఆమెను బిడ్డా అనడం అదే మొదలు. అదీ కాక లిదియాకు వేరే ఆశ ఉంది. అమ్మమ్మ వయసులో ఉన్నప్పటి ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదు. ఒక్కసారి చూడాలి. ఆమె గొంతు సవరించుకుంది.

“అది యాభై రెండో సంవత్సరం. శ్రావణమాసం. ములుగు అవతల వాగు వచ్చింది. అవతలి గూడెంల ఒకామెకు మూడు దినాల నుంచి నొప్పులు...”

కుర్చీ కింద నీళ్లు చుక్కలు చుక్కలుగా పడ్డాయి. తర్వాత పొడుగాటి, నల్లటి మనిషి కనబడింది. ముప్పై నాలుగేళ్లుంటాయి. చీర మోకాళ్ల పైకి దోపుకొని ఉంది. వెంట్రుకలు చెంపలకు అతుక్కున్నాయి. తువాలు లాగి మొహం తుడుచుకుంది. తనకంటే పెద్దవాళ్లైన ఆ మగవాళ్లిద్దరూ తన కొడుకులని ఆమెకు తెలియదు. వాళ్ల మీంచి చూపు తిప్పి, లిదియా దగ్గర ఆపింది.

“ఎవలి బిడ్డవే నువ్వు? మంచిగ చెప్తానవ్.”

జవాబు చెప్తే ముచ్చట తెగిపోతుంది. లిదియా ఆ మాట మింగి ముందుకు పోయింది. ఒడ్డున సర్కారు వెదురు మోపులు ఉన్నాయని, నలుగురు కూలీలను కేకేసి కృపమ్మ తెప్ప కట్టించిందని, అడవి కాపలా చూసే జంగలాత్ గార్డు గొడుగు వేసుకొని ఉరికొచ్చాడని చెప్పింది.

“సర్కారు వెదురు, సంతకం లేంది ఒక్క కట్టె కదలదన్నడు గార్డు. కాగితం తీసి ముందట పెట్టిండు...”

ప్రభుదాసు పలక మీద కాగితం పెట్టి, ఆ పలకను కుర్చీ ముందుకు జరిపాడు. సారంగపాణి పెన్ను మూత తీసి ఇచ్చాడు. లిదియాకు పైవరుస కనబడింది: వీలునామా. తేదీ 1973. కింద రెండు పేర్లు. రెండింటిలో ఆమెది లేదు.

ఆ తర్వాతి మాట సంతకం. ఆమె నోరు ఆగిపోయింది.

కుర్చీలో మనిషి పలచబడింది. చీరలోంచి వెనక గోడ కనబడింది. కృపమ్మ పెన్ను పట్టుకొని లేవబోయింది.

“ఆపకే బిడ్డా! ఆడ తల్లి సచ్చిపోతాంది. పిల్ల అడ్డం తిరిగింది. ఏడ పెట్టాలె సంతకం? జల్ది చెప్పు!”

పాస్టరయ్య బైబిలు తెరిచి ఏదో వెతకసాగాడు. లిదియాకు ముచ్చట చివర తెలుసు. కృపమ్మ వాగు దాటి గూడెం చేరేసరికి తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. చెప్పిన ప్రతిసారీ అమ్మమ్మ ఆ ముక్క దాచకుండా చెప్పేది, చెప్పి గోడవైపు తిరిగి పడుకునేది. ముప్పై ఒక్క ఏళ్ల కింద పోయిన మనిషి కోసం ఇప్పుడు ఈమె బతిమాలుతోంది. ఊరుకుంటే గది మిగులుతుంది.

“బిడ్డా, నీ కాల్మొక్త” అంది కృపమ్మ.

“సంతకం పెట్టింది” అంది లిదియా.

కృపమ్మ కుడిచేత్తో గుండ్రటి అక్షరాలతో సంతకం చేసి, కింద గీత గీసి, పెన్ను పారేసి లేచింది. కుర్చీ వెల్లకిలా పడింది. జనాన్ని తోసుకుంటూ వీధి తలుపు వైపు పరుగెత్తింది. లిదియా అక్కడ ఆపేసింది. సగంలో వదిలిన ముచ్చటకు పోయినవాళ్లు ఇంకెప్పుడూ రారని ఆమెకు తెలుసు. అయినా తెప్ప ఎక్కించలేదు, వాగు దాటించలేదు, ఆ గుడిసె తలుపు తీయించలేదు. ఒక కాలు గడప బయట ముసురులో పెట్టి, వెళ్తే తల్లీబిడ్డల్ని బతికిస్తానన్న ధీమాతోనే కృపమ్మ కనబడకుండా పోయింది.

యోసేపు కాగితం మీద ఊది సిరా ఆరబెట్టాడు. సారంగపాణి సాక్షిగా సంతకం చేసి కాగితం ఉప్పలయ్యకు అందించాడు.

“నేనెట్ల పెట్టాలె? సచ్చిన మనిషాయె” అన్నాడు ఉప్పలయ్య.

“ఆమె పెట్టంగ నీ కండ్లతోని చూసినవా, లేదా?”

“చూసిన.”

“మరింకేంది? చూసినోడే సాక్షి.”

ఉప్పలయ్య పాస్టరయ్య వైపు చూశాడు. “అబద్ధ సాక్ష్యమైతే కాదు” అన్నాడు పాస్టరయ్య, బైబిలులోంచి తల ఎత్తకుండా. ఉప్పలయ్య పెట్టాడు. తర్వాత విస్తళ్లు పరిచారు. మాంసం కూర లిదియా వండింది. బాగుందని అందరూ రెండోసారి వడ్డించుకున్నారు. అమ్మ చేతి వంటలాగే ఉందని ప్రభుదాసు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అవి నిజమైన కన్నీళ్లే.

వీలునామా కోర్టులో నిలబడింది. సంతకం పాత కాగితాలతో అక్షరం అక్షరం కలిసింది. ఇల్లు ప్రభుదాసుకు వచ్చింది. దసరా లోపలే ముందుగదిని ఎరువుల దుకాణానికి ఇచ్చాడు. ములుగు దారిలోని ఎకరన్నర చెలక భూమి యోసేపుకు వచ్చింది. ఇత్తడి బిందెలు పెద్దకోడలికి, వెండి కడియాలు చిన్నకోడలికి. గోడగడియారం చర్చికి. టేకు మంచం సారంగపాణి రాతకూలి కింద బండి మీద వేసుకొని పోయాడు. ఉప్పలయ్యకు ఒక గొడుగు. లిదియాకు ఏమీ రాలేదు.