మూడో గొంతు

పిన్ని కుడికాలి చెప్పు విడిచి బల్ల కిందికి నెట్టి, వట్టి పాదాన్ని పెడల్ మీద ఆనించింది. ఎడమ చెప్పు మాత్రం విప్పదు. పెడల్ నొక్కితే చెవుల్లో మాట నడుస్తుంది, పాదం ఎత్తితే ఆగిపోతుంది. చెప్పుతో నొక్కితే ఎప్పుడు ఎత్తాలో కాలికి తెలియదంటుంది.

ఎత్తడమే ఇక్కడ అసలు పని. సైబర్ నేరాల ఆఫీసులో, ఫోన్లలో పట్టిన మాటలు విని కాగితం మీదికి ఎక్కించే గది అది. నేరం మాట్లాడుతున్నంతసేపూ వినాలి, టైపు చెయ్యాలి. ఇంటి మాట మొదలైందంటే పాదం లేవాలి. మొగుడూపెళ్లాల పోట్లాట, బిడ్డ జ్వరం, తల్లి ఏడుపు సర్కారు సొత్తు కాదు. కాస్త ముందుకు జరిపి మళ్లీ నొక్కి చూడాలి. ఇంకా ఇంటి మాటే అయితే మళ్లీ ఎత్తాలి. సిగ్గూ శరం ఉన్నవాళ్లెవరైనా చేసే పనే. కానీ పైవాళ్ల సిగ్గును నమ్ముకుంటే మనం వీధిన పడతాం గనుక దాన్ని చట్టంలో రాయించారు.

ఆ గదికి కిటికీ లేదు. గోడల నిండా బూడిదరంగు స్పాంజి పలకలు. తుమ్మినా ఆ తుమ్ము గోడలోకి ఇంకిపోతుంది. కొత్తగా చేరినవాళ్లు తమ మాట తమకే చచ్చిపోయినట్టు వినిపిస్తోందని పని మానేసి పోయేవారు. పిన్ని మిగిలింది. పొట్టి మనిషి. హెడ్‌ఫోన్ పట్టీ ఒరిసి ఒరిసి నడినెత్తిన జుట్టులో ఒక చాలు పడిపోయింది. చెవుల అంచులు కాయలు కాచి నల్లబడ్డాయి. అధికారుల నుంచి ఊడ్చే మనిషి దాకా అందరికీ ఆవిడ పిన్నే. అసలు పేరు జీతం ఇచ్చే గుమాస్తాకి తెలిసి ఉండాలి.

ఇప్పుడు చేస్తున్నది పొరుగుదేశం పంపిన కేసు. అక్కడొక ముఠా మిషన్లతో మనుషుల గొంతులు తయారుచేసి, ముసలివాళ్లకి ఫోన్ చేసి, కొడుకుల గొంతుతో, కూతుళ్ల గొంతుతో ఏడ్చి, ఉన్నదంతా ఊడ్చేసింది. మన మాట తెలిసినవాళ్లు అక్కడ లేక టేపులు ఇక్కడికి పంపారు. నెలల తరబడి పిన్ని చెవుల్లో అదే ఏడుపు. అమ్మా, నేనే. నాన్నా, నేనే. గొంతు మారుతుంది, వెక్కిళ్లు మాత్రం మారవు. ఒకే మనిషి ముఖం మీద ముఖం తొడుక్కుని వస్తున్నట్టుండేది. ఇంటికెళ్లాక కుక్కర్ కూసినా ఆవిడకి ఆ వెక్కిళ్లే వినపడేవి.

తలుపు తెరుచుకుంది. కేసు చూసే ఆఫీసరు. ఇస్త్రీ నలగని చొక్కా, నిద్రలేని కళ్లు.

"పిన్నిగారూ, మీరు బంగారం పట్టారు!"

"ఏమైంది బాబూ?"

"ముఠాకి ఫోన్ లైన్లు అద్దెకిచ్చినవాడు లేడూ, వాడూ వాడి కూతురూ మాట్లాడుకున్న కాల్. మధ్యలో మూడో గొంతు ఉందని మీరు టైపు చేశారు. మేమెవరమూ చూసుకోలేదు. అవతలి దేశంవాళ్లు పట్టేశారు. ఆ మూడో మనిషే ముఠాకి పెద్దట."

"ఏమందట ఆ మనిషి?"

"తిన్నానమ్మా, అంది."

పిన్ని పాదం పెడల్ మీద రాయిలా అయిపోయింది.

"ఆ పిల్లని అక్కడి పోలీసులు తీసుకెళ్లి లోపల వేశారు. ఆ మూడో మనిషెవరో చెప్పేదాకా వదలరట. అదేమో, ఎవరూ లేరు సార్, సరదాకి అన్నాను అని ఒకటే ఏడుపట. ముదురు."

ఆ పిల్ల కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. సాయంత్రం కాగానే తండ్రికి ఫోన్ చేసి భోంచేశావా అని అడిగి, తినలేదంటే తిట్టేది. అది ఇంటి మాట. పిన్ని పాదం ఎత్తాల్సింది. ఎత్తలేదు. కాసేపు, ఇంకాసేపు అనుకుంటూ వింది. ఆ రోజు పిల్ల మధ్యలో నవ్వి, "ఏమండోయ్, దొంగచాటుగా వింటున్నవాళ్లూ, మా నాన్న ఎలాగూ తినడు, మీరైనా భోంచేశారా?" అంది. తండ్రి, "నీ మొహం, మన మాటలు ఎవరికి కావాలే!" అన్నాడు. పిన్నిని ఆ ప్రశ్న అడిగినవాళ్లు ఎవరూ లేక ఎంతకాలమైందో. "తిన్నానమ్మా" అని పైకే అనేసింది. చెవిన పడ్డ ప్రతి మాటనూ కాగితం మీద పెట్టడానికి అలవాటు పడ్డ వేళ్లు దాన్నీ టైపు చేసేశాయి. మొదటి గొంతు తండ్రి, రెండో గొంతు కూతురు, మూడో గొంతు: తిన్నానమ్మా. దిద్దుకోవడానికి చూసుకున్నా కంటికి ఆనలేదు. తన మాట తనకి కొత్తగా ఎందుకుంటుంది?

"టేపులో ఆ గొంతు లేదు కదా బాబూ?" అంది మెల్లగా.

"మామూలు చెవికి లేదు. ఈ చోట ఈ మాట ఉండాలని ల్యాబ్‌వాళ్లకి చెప్పాం. మిషను గరగరలోంచి వెలికితీసింది. వినండి."

పిన్ని పెడల్ నొక్కింది. పిల్ల నవ్వింది. భోంచేశారా అంది. ఆపైన, వాళ్లిద్దరి పక్కనే కూర్చున్నట్టుగా, ఒక ఆడగొంతు తాపీగా "తిన్నానమ్మా" అంది.

ముసలిదీ కాదు, పడుచుదీ కాదు. ఎక్కడా పుట్టని మనిషి గొంతు. మాట చివర చిన్న వెక్కిలి. ఆ వెక్కిలి పిన్నికి బాగా తెలుసు. దొంగముఠా ఏ మిషనుతో అమ్మా నేనే అనిపించిందో, సర్కారు కూడా ఆ మిషను ముందే చెయ్యి చాపింది. దొంగను పట్టొద్దని ఎవడన్నాడు? పట్టండి. ముసలివాళ్ల ఉసురు పోసుకున్నవాణ్ని సరిహద్దు దాటి వెళ్లయినా ఈడ్చుకురండి. కానీ లేని మనిషిని పుట్టించి, ఉన్న పిల్లని లోపల వేస్తే, వాడికీ మీకూ తేడా ఏమిటయ్యా?

పిన్ని ఇదేమీ అనలేదు.  ఆఫీసరు ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఆఫీసు వెనకసందులోని తన ఇంటికి వెళ్లింది. భర్త అచ్చు యంత్రాల దగ్గర పనిచేసి చెవులు పోగొట్టుకున్న మనిషి. రోజంతా వినే ఆవిడకి, ఏమీ వినపడని ఆయన. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. వినపడదన్న ధైర్యంతో పిన్ని గోడకి చెప్పినట్టు జరిగిందంతా చెప్పేసింది. ఆయన ఆవిడ ముఖాన్నే చూస్తూ తిన్నాడు.

"ఏం చెప్పావో నాకు తెలీదు," అన్నాడు, తన గొంతు తనకి వినపడనివాళ్లు మాట్లాడేంత గట్టిగా. "నువ్విలా ముఖం పెట్టింది మా అమ్మ గాజు జాడీ నువ్వు పగలగొట్టి, నేరం పిల్లి మీదికి తోసిన రోజున. పిల్లిని తన్ని తరిమాం, పాపం."

"చెప్పేస్తే ఉద్యోగం పోతుందండీ."

"ఆఁ?"

"ఏమీ లేదు. తినండి."

తిరిగి వెళ్తూ తన గదికి పోలేదు. దేశం దాటే ప్రతి కాగితం మీదా సంతకం పెట్టే జడ్జిగారి గదికి వెళ్లింది. ఆవిడ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, "రండి పిన్నిగారూ, కూర్చోండి" అంది.

"కూర్చుంటే చెప్పలేనమ్మా. ఆ మూడో గొంతు నాదే. ఇంటి మాట విన్నాను, వినకూడనిది. పాదం ఎత్తలేదు. ఆ పిల్ల అడిగింది, జవాబిచ్చేశాను."

జడ్జి కళ్లద్దాలు కిందికి దించుకుంది. "ఇది రాసిచ్చారంటే మీ పని ఊడుతుంది. తెలుసా?"

"ఆ పిల్ల లోపలుందమ్మా."

"ఇంటి మాట విన్నాక ఆ కాగితం చెల్లదు. దాన్ని పట్టుకుని ఆ అమ్మాయిని ఉంచే హక్కు వాళ్లకీ లేదు. ఇప్పుడే మాట్లాడతాను." ఆవిడ ఫోన్ అందుకుంది. పిన్ని రాసిచ్చి సంతకం పెట్టింది. 

సాయంత్రం గదిలో సామాను సర్దుకుంటూ, ఇన్నేళ్ల అలవాటు కొద్దీ చెప్పు విడిచి, ఆగిపోయిన పెడల్ మీద పాదం పెట్టుకుని కూర్చుంది. ఆఫీసరు వచ్చాడు. వెనక గుమ్మంలో ఇద్దరు. వాళ్లని పిన్ని ఎన్నడూ చూడలేదు.

"పిల్లని వదిలారు," అన్నాడు.

పిన్ని కళ్లు మూసుకుంది. "ఇంటికి వెళ్లిందా?"

"వెళ్లింది. కానీ పిన్నిగారూ, ల్యాబ్ తీసిన గొంతు అవతలి దేశంవాళ్ల దగ్గరుంది. గొంతుంటే మనిషుండాలి కదా, ఆ మనిషి కావాలంటున్నారు. మూడో గొంతు నాదే అని మీరే రాసిచ్చారు."

"మాట నాది బాబూ. ఆ గొంతు నాది కాదు."

"అదే వాళ్లకి చెప్పండి."

"జడ్జిగారికి చెప్పారా?"

"ఆవిడ వెళ్లిపోయారు. రేపు చెప్తాం."

పిన్ని లేచింది. కుడిపాదంతో బల్ల కింద చెప్పు కోసం తడిమింది. పొద్దున్న బాగా లోపలికి నెట్టినట్టుంది, అందలేదు. గుమ్మంలో ఒకడు, "తర్వాత వేసుకోవచ్చులెండి, బండి ఆగి ఉంది" అన్నాడు. ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు వట్టిగా ఆవిడ నడిచి వెళ్లింది. ఆ గదిలో అడుగుల చప్పుడు ఎప్పుడూ వినపడదు, అప్పుడూ వినపడలేదు.

వెనకసందులో భర్త కంచం మీద కంచం బోర్లించి వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. లోపల ఫోన్ మోగింది. చాలాసేపు మోగి మానేసింది.

మర్నాడు ఆ కుర్చీలో కొత్తమ్మాయిని కూర్చోబెట్టారు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, పెడల్ నొక్కి, ఇంటి మాట రాగానే నేర్పినట్టే పాదం ఎత్తింది. మాట ఆగింది. ఆగిన చోటు నుంచి ఎవరో తాపీగా "తిన్నానమ్మా" అన్నారు. అమ్మాయి ఉలిక్కిపడి కాళ్లు వెనక్కి లాక్కుంది.

కాలికేదో తగిలింది. వంగి చూసింది. బల్ల కింద, గోడవార, కుడికాలి చెప్పు ఒకటి. మడమ దగ్గర ఒక పక్కకి అరిగి, లోపల ఐదు వేళ్ల గుర్తులూ నల్లగా దిగి ఉన్నాయి.