అడ్డచారల జేబు

ముప్పై ఏళ్ళుగా చొక్కాలు కుడుతున్నాను. జేబు మీది చారలు చొక్కా చారలతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి. కలవకపోతే నాకు ముద్ద దిగదు.

అలాంటివాణ్ణి మా కోడలు రంగులతో గీసిన బొమ్మల ప్రదర్శనకు తీసుకెళ్ళింది. ఒక బొమ్మలో, ఎర్రటి గదిలో, నారింజ పూల గౌనావిడ నీలం గళ్ళ కుర్చీలో కునుకు తీస్తోంది. గోడ మీది పచ్చచారలు కుర్చీ దాకా నిలువుగా వచ్చి, అవతలి పక్క అడ్డంగా బయల్దేరాయి.

నాకు ఒళ్ళు మండింది. "ఇదేం పని? నా కొట్లో అయితే విప్పించి మళ్ళీ కుట్టించేవాణ్ణి."

"ఆ అడ్డచారలు కనపడకుండా చెయ్యి పెట్టి చూడండి మామయ్యా," అంది కోడలు.

దూరం నుంచే అరచేయి అడ్డుపెట్టాను. బొమ్మ చప్పబడిపోయింది. తీశాను. ఎరుపు మళ్ళీ భగ్గుమంది. అంత గోలలోనూ ఆవిడ నిద్ర ఎంత హాయిగా ఉందో అప్పుడు కనిపించింది. ఎంతసేపు నిలబడ్డానో గానీ, చివరికి కోడలే నాకు కుర్చీ తెచ్చి వేసింది.

మర్నాడు నాకోసం చారల చొక్కా కుట్టుకుని, జేబు కావాలనే అడ్డంగా వేశాను. టీ తాగి వచ్చేసరికి, కొట్లో గుండీలు కుట్టే మా ఆవిడ ఆ జేబు విప్పేసి, మిగిలిన ముక్కతో చారలు కలిపి కొత్తది కుడుతోంది. కేకేయబోయి ఆమె మొహం చూసి ఆగాను.

"చూపు తగ్గిందని నాకొక్కమాట చెప్పకూడదూ?" అంది మెల్లగా. "ఎవరికీ చెప్పన్లే."

ఆమె చేతిలో సూది తీసి పక్కన పెట్టాను.

"చెప్పులేసుకో. నీకో బొమ్మ చూపించాలి."