కోయని కత్తి

నేను ఒక కత్తిని. నవ్వకండి, మొత్తం వినండి. నాకు పిడి ఉంది, పిడి కొసన ఊదారంగు గాజురాయి ఉంది, నల్లటి ఒర ఉంది. మధ్యలో ఉండాల్సిన అలుగే, అంటే కోసే ఇనప రేకే, లేదు. పిడినీ ఒరనూ జిగురుపెట్టి అతికించేశారు. పేరు గొప్ప ఊరు దిబ్బ అనే సామెత నాలాంటివాళ్లను చూసే పుట్టి ఉంటుంది.

స్కాట్లండులో మగవాళ్లు పెళ్లికీ పండక్కీ కిల్టు కడతారు. గళ్ల ఉన్నిగుడ్డ, నడుం చుట్టూ కుచ్చిళ్లు, మోకాళ్ల దాకా. కింద పొడవాటి మేజోళ్లు. కుడికాలి మేజోడులో, పిడి మాత్రం పైకి కనబడేలా, చిన్న కత్తి దోపుకుంటారు. దాన్ని స్కియన్ డూ అంటారు, అంటే నల్లకత్తి. 'నా దగ్గర కత్తి ఉంది, దాచలేదు, చూసుకో' అని అవతలివాడికి చెప్పడమట. అసలు కత్తే లేకుండా వెళ్లొచ్చు కదా అని ఎవరికీ తోచలేదు. మనుషుల మర్యాదలు అలాగే ఉంటాయి.

ఏదో ఊరి శివార్లలో, ఒక రేకుల షెడ్డులో, కరిగిన ప్లాస్టిక్కు అచ్చులో పోస్తే నిమిషంలో పుట్టాను. కత్తుల్ని లోపలికి రానివ్వని చోట్లకు నాలాంటివాళ్లు కావాలట. అక్కణ్ణించి ఓబన్ అనే రేవు పట్నంలో ఒక కిల్టుల కొట్టుకు చేరాను. పై అరలో మఖమలు మీద దుప్పికొమ్ము పిడులవాళ్లూ, వెండి తొడుగులవాళ్లూ దర్జాగా పడుకునేవాళ్లు. కింద తట్టలో మేము. వచ్చినవాళ్లు పై అర చూసి, ధర చూసి, నిట్టూర్చి, తట్ట దగ్గరికి వంగేవాళ్లు. నన్ను పట్టుకుని లాగేవాళ్లు. రాకపోతే నవ్వి పడేసేవాళ్లు. లాగినప్పుడల్లా నాకు ఒళ్లు ఝల్లుమనేది. లోపలెక్కడో ఒక అలుగు ఉండే ఉంటుందనుకునేదాన్ని. పిచ్చి ఆశ, పోదు కదా!

ఒక వాన మధ్యాహ్నం పైడితల్లి వచ్చింది. విజయనగరం పిల్ల, ఆ పట్నంలోనే వృద్ధాశ్రమంలో నర్సు. నేను మీతో మాట్లాడుతున్న తెలుగు ఆమె చలవే. అక్కడివాళ్లతో ఇంగ్లీషు మాట్లాడినా గొణుక్కునేది మాత్రం సొంత భాషలోనే.

"అన్నిటికన్నా చవకది చూపించండి. కొయ్యకూడదు," అంది.

"కోయని కత్తా?" అని కొట్టాయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టాడు.

ఆమె తట్టంతా కెలికింది. తళతళలాడేవాటిని పక్కన పెట్టింది. "కొత్తగా కనబడితే ముసలోడు పట్టేస్తాడు," అని గొణిగి, అందరిలోకీ పాతదానిలా ఉన్న నన్ను ఏరుకుంది. నా జన్మలో నన్ను కావాలని ఎంచుకున్న మనిషి ఆమే.

ముసలోడంటే హెక్టర్. ఆమె పనిచేసే ఆశ్రమంలోనే ఉంటాడు, ఎనభై ఆరేళ్లవాడు. నలభై ఏళ్లు దీవులకు పడవ నడిపాడు. తల్లి పోయిన మనవరాలు ఐలాను పొత్తిళ్లలోంచి పెంచింది ఆయనే. ఆ పిల్లకు రెండు వారాల్లో పెళ్లి. ఆయన రానని మొండికేసి కూర్చున్నాడు. తాత రాకపోతే పెళ్లే వద్దని ఆ పిల్ల ఫోనులో ఏడుస్తోంది. ఇంతకీ గొడవేమిటంటే, ఆయన పాత కత్తి ఇల్లు మారేటప్పుడు ఎక్కడో పోయింది. ఆశ్రమంలోకి పదునున్న వస్తువు రానివ్వరు.

"మేజోడులో కత్తి లేకుండా కిల్టు కడితే ఏమంటారో తెలుసా? గౌను వేసుకున్న ముసలాడంటారు," అన్నాడు.

పైడి నన్ను కాగితంలోంచి తీసేసరికి ఆయన చెయ్యి చాచాడు. ఆమె ఆయన చేతికి ఇవ్వలేదు, టీ పళ్లెంలో పెట్టింది. ఆయన ముఖం మాడిపోయింది.

"బిచ్చమా ఏమిటి, అలా పెడుతున్నావు?"

"అయ్యో, అదేటి తాతా! మా ఊళ్లో కత్తీ ఉప్పూ చేతికి చెయ్యి ఇయ్యరు. ఇస్తే తగువొస్తాది. నీతో తగువు నాకెందుకు?"

హెక్టర్ పగలబడి నవ్వాడు. కత్తి కానుకిస్తే స్నేహం తెగుతుందని వాళ్లలోనూ ఉందట, తీసుకున్నవాడు బదులుగా ఏదో ఒకటి చేతిలో పెట్టాలట. జేబులు తడుముకుంటే ఒక్క పిప్పరమెంటు దొరికింది. అదే ఇచ్చాడు. పైడి నోట్లో వేసుకుంది. తెంపడానికి నాకు పదునెక్కడుందని ఇద్దరి భయం!

అసలు సంగతి చెప్పడానికి మాత్రం ఆమెకు నోరు పెగల్లేదు. "ఒరలోంచి తియ్యకు తాతా, మేట్రన్ చూస్తే లాగేసుకుంటాది," అని అబద్ధమాడింది.

పెళ్లి రేవు పక్క హాల్లో. హెక్టర్ చక్రాల కుర్చీలో, కుర్చీ తోస్తూ పైడి, నేను మేజోడులో, మేకపోతు గాంభీర్యంతో. ఐలా తెల్లగౌను నేలన జీరాడుతుంటే వచ్చి తాత మెడను కావలించుకుని వదల్లేదు. అంతా బాగానే ఉంది. అప్పుడు ఆవిర్లు కక్కుతున్న మూట ఒకటి తెచ్చి ఆయన ముందు పెట్టారు. ఎండుద్రాక్ష కలిపిన పిండిముద్దను గుడ్డలో కట్టి, పురికొసతో బిగించి ఉడికిస్తారు. ఇంటి పెద్ద మేజోడులోని కత్తి తీసి ఆ పురికొస కోస్తేగానీ ఆ ఇంట్లో ఎవరూ నాట్యానికి లేవరు. ఈ ఆచారం గురించి పైడికి ఎవరూ చెప్పలేదు.

"ఓలమ్మో, అయిపోనాది," అంది కుర్చీ వెనకాల.

హెక్టర్ చెయ్యి నా మీద పడింది. లాగాడు. దేవుడా, ఆ క్షణంలో నేను ఎంత కోరుకున్నానో! తుప్పు పట్టిందైనా సరే, గోరంత అలుగు మొలవకూడదా! ఈ ఒక్క మనిషి దగ్గర పరువు నిలబెట్టుకోవాలనిపించింది. నేను రాలేదు.

హాలంతా చూస్తోంది. ఆయన నన్ను వదిలేసి, రెండు చేతులూ మూట మీద పెట్టాడు.

"విప్పగలిగిన ముడిని పడవవాడు కొయ్యడు," అన్నాడు గట్టిగా.

గోళ్లతో విప్పడం మొదలుపెట్టాడు. తడిసి బిగిసిన ముడి. ఎంతసేపు పట్టిందో! ఒక్కరూ కదల్లేదు. పురికొస ఊడిరాగానే ఐలా దాన్ని తన మణికట్టుకు చుట్టుకుని తాత కుర్చీని నాట్యంలోకి తోసుకుపోయింది.

"మా పెళ్లిలో ముళ్లేస్తారు, వీళ్ల పెళ్లిలో ఇప్పుతారు," అని పైడి కళ్లు తుడుచుకుంది.

తిరుగు దారిలో, వ్యానులో, ఆమె ఉండబట్టలేక, "తాతా, తప్పయిపోయింది. అది..." అంది.

"మొదటిరోజే తెలిసింది. అలుగున్న కత్తి అంత తేలిగ్గా ఉండదు."

"తెలిసీ లాగావేటి?"

హెక్టర్ కిటికీలోంచి సముద్రం కేసి చూశాడు. "ఆశ, పిల్లా. ఏమో, వస్తుందేమోనని."

నాలాంటి ఆశే ఇంకొకరికి ఉందని నాకు అప్పుడు తెలిసింది.

ఆ చలికాలం ఆయన దాటలేదు. పెట్టెలో పడుకోబెట్టేముందు కిల్టు కట్టారు, నన్ను దోపారు. విలువైన వస్తువులుంటే తీసుకోండమ్మా అని అంత్యక్రియలు చేసేవాళ్లు అడిగితే ఐలా ఆయన గడియారం తీసుకుంది, ఉంగరం తీసుకుంది. నన్ను చూసి, "అది ఉండనివ్వండి," అంది. పై అరలో దొరనైతే ఇంట్లో దాచుకునేవాళ్లు. చవకదాన్ని కనక ఆయనతో రానిచ్చారు.

ఇక్కడ చీకటి. పైన ఎక్కడో పడవల కూతలు వినబడతాయి. ఆయన కుడిచెయ్యి నాకు మూరెడు దూరంలో ఉంది. కదలదు.