కొంగలకుంట హద్దురాయి

నేను ఒక రాయిని. దేవతను కాను. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు మనసు కాస్త తేలికపడుతుంది.

గుట్టను పగలగొట్టి, నలుపలకలుగా చెక్కి, నుదుటి మీద ‘చెరువు హద్దు’ అని అక్షరాలు తొలిచి నన్ను కొంగలకుంట ఒడ్డున పాతారు. నిండు వానాకాలంలో నీళ్లు నా మొదలు దాకా వచ్చి ఆగేవి. ఇటు చెరువుది, అటు మనుషులది. అంతకుమించి నాకు పనేం లేదు. ఉన్న ఆ ఒక్క పనీ నిక్కచ్చిగా చేశాను.

తర్వాత వానలు మొహం చాటేశాయి. నీళ్లు లోపలికి జరిగాయి, పట్నం మా వైపు జరిగింది. చెరువు కనబడే ప్లాటు అయితే గజం రెండింతలు పలుకుతుందని ప్లాట్ల వ్యాపారి భూపతికి తెలుసు. ఒక మధ్యాహ్నం కూలీలతో వచ్చి నన్ను పెకలించి, ఎండిన చెరువు లోపలికి మోయించి అక్కడ పాతించాడు. అక్షరాలు కనబడకుండా పసుపు మెత్తి, కుంకుమ బొట్లు పెట్టాడు. అధికారులు వస్తే పసుపు తుడిచి చూపిస్తాడు, నేను హద్దురాయిని. కొనేవాళ్లు వస్తే బొడ్రాయిని, అంటే ఊరు పుట్టినప్పుడు నడిమధ్య పాతి, ఊరంతా నీళ్లు పోసి మొక్కే రాయిని. మనుషుల తెలివికి అప్పట్లో నాకు నవ్వే వచ్చింది.

సత్తయ్య బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైనవాడు. రోడ్డు వైపు చవక ప్లాటు చాలనుకునే వచ్చాడు. కానీ అతని భార్య మానెమ్మ నన్ను చూడగానే చెప్పులు విడిచింది. పాత ఊరు ఇక్కడే ఉండేదని భూపతి నోటికొచ్చిన కథ అల్లాడు.

“బొడ్రాయి ఉన్న జాగల ఇంటికి ఏం గాదు. ఇక్కడ్నే కొందాం” అందామె.

రిటైర్మెంటు డబ్బంతా అక్కడే పోశారు. ఇల్లు లేచింది. ప్రతి శుక్రవారం నాకు బిందెడు నీళ్లు, కొత్త పసుపు. ఇరుగుపొరుగూ అందుకున్నారు. చెరువు గాలికి తోడు అమ్మవారి అండ కూడా ఉందని ఇళ్ల ధరలు ఇంకా ఎగిరాయి. ఆ వార్త విన్నప్పుడల్లా మానెమ్మ నాకు రెండు చేతులా దండం పెట్టేది. నాకేమో సిగ్గుతో చితికిపోవాలనిపించేది. నోరు లేని పుట్టుక, ఏం చేస్తాను?

ఒక ఏడు వాన విడవకుండా కురిసింది. కొంగలకుంట తన చోటు మరిచిపోలేదు. నన్ను ముంచి, వాళ్ల గడప దాటి, కిటికీ ఎత్తుకు లేచి, నేను మొదట నిలబడ్డ చోటికి వెళ్లి ఆగింది. నీళ్లు తీసేసరికి నా పసుపంతా కొట్టుకుపోయింది. సత్తయ్య బురద తుడిచి నా నుదుటి మీది అక్షరాలు పైకి చదివాడు. మానెమ్మ ఒకసారి నన్ను, ఒకసారి గోడ మీది నీళ్ల గీతను చూసింది.

వీధిలో ఒక్కొక్కరే గోడలకు రంగులు కొట్టించి, ఏమీ ఎరగనట్టు అమ్ముకుని వెళ్లిపోయారు. సత్తయ్యా రంగులు వేయించాడు. రాయికి మళ్లీ పసుపు పూయమని భార్యకు చెప్పాడు. ఆమె పూసింది.

ఇల్లు చూడటానికి స్వరూప అనే నర్సు భర్తతో వచ్చింది. నిండు చూలాలు. ఇల్లు నచ్చింది, బేరం కుదిరింది. వెళుతూ వెళుతూ ఆమె నన్ను చూసి చెప్పులు విడిచి, ఏ తల్లి అని అడిగింది. సత్తయ్య భార్య వైపు చూశాడు. ఆమె మాత్రం ఆ పిల్ల కడుపు వైపే చూస్తూ చెప్పేసింది.

“తల్లి గాదు బిడ్డా. చెరువు హద్దురాయి. గిది మా ఇంటెన్క ఉండాల్సింది. నీళ్లొస్తే ఆ కిటికీ దాక వస్తయ్.”

వాళ్లు వెళ్లిపోయారు. మాట బయటికి పొక్కాక ఇంకెవరూ ఆ గుమ్మం తొక్కలేదు. సత్తయ్య చాన్నాళ్లు ఆమెతో ముభావంగానే ఉన్నాడు. అతన్ని మాత్రం ఏమనగలను, ఉన్నది ఆ ఒక్క ఇల్లే కదా. చెప్పడానికే పుట్టిన మాట నేను చెప్పలేకపోయాను, ఆమె చెప్పి నష్టపోయింది. ఆ బాధ నన్ను వదలదు.

ఇప్పుడు నాకు పూజలు లేవు. మబ్బు పట్టిన సాయంత్రాల్లో మానెమ్మ వచ్చి నా మీదే కూర్చుంటుంది. నీళ్లు ఎంత దగ్గరికి వచ్చాయో చూసుకుని, లేచి ఇంట్లోకి పోతుంది.