అయిదేళ్లు ఎక్కువ

‘ఒరిజినల్స్’ అన్న మాట చెవిన పడగానే వనజ ఫైలును గుండెకు హత్తుకుని వెనక బెంచీకి జరిగింది.

ఆ శనివారం కామారెడ్డిలోని వాళ్ల మహిళా డిగ్రీ కాలేజీకి పాత విద్యార్థినులు వచ్చారు. ఏడాదికోసారి వస్తారు. మామూలుగా అయితే మైకు పట్టుకుని కష్టపడండి, కలలు కనండి అని చెప్పి, ఇంత ఉప్మా తిని, ఫోటో దిగి వెళ్లిపోతారు. పిల్లలు చప్పట్లు కొట్టి బస్సులకు పరుగెత్తుతారు. ఎవరికీ ఏ నష్టమూ ఉండదు. ఈసారి మాత్రం రాజమణి వచ్చింది.

రాజమణి పన్నెండేళ్ల కిందట ఇదే కాలేజీలో బీకాం చదివింది. ఇప్పుడు నిజామాబాద్‌లో ఒక సర్కారు ఆఫీసులో, కొత్తగా ఉద్యోగాలొచ్చిన వాళ్ల కాగితాలు సరిచూసే సీట్లో కూర్చుంటుంది. మైకు ఇవ్వబోతే వద్దంది. ఒక బెంచీని అడ్డంగా లాగించుకుని, వెనక కుర్చీ వేసుకుని, సంచిలోంచి ఎర్ర పెన్సిల్ తీసింది.

“ఇంటర్వ్యూల తప్పిన పిల్లల్ని నేను తక్కువ చూసిన. కాయితాల కాడ తప్పినోళ్లనే ఎక్కువ చూసిన,” అంది. “ఇయ్యాల నేను ఆఫీసర్ని. మీరు నౌకరికి వచ్చిన్రు. ఒక్కొక్కలు రాండ్రి. ఒరిజినల్స్ తీయిండ్రి.”

మిగతా పిల్లలకు అదొక ఆట. వనజకు కాదు. ఫైనలియర్ మొత్తంలో సర్కారు నౌకరి రాతపరీక్ష పాసైంది ఆమె ఒక్కతే. అసలు వెరిఫికేషన్‌కు ఇంకా పద్దెనిమిది రోజులుంది. ఆ సంగతి ప్రిన్సిపాల్ మేడం పొద్దున్నే అందరి ముందూ చెప్పి వనజను లేపి నిలబెట్టింది కూడా. ఇక దాక్కోవడానికి సందేది?

టెన్త్ మెమో ప్రకారం వనజకు ఇరవై ఏళ్లు. ఆధార్ ప్రకారం ఇరవై అయిదు. ఆ ఎక్కువైన అయిదేళ్లూ వాళ్లమ్మ భూదవ్వ వేసినవి.

భూదవ్వ ఎల్లారెడ్డిలో బీడీలు చేస్తుంది. కార్ఖానాలో ఎవరి పేరున కార్డుంటే వాళ్లకే ఆకూ తంబాకూ ఇస్తారు. పద్దెనిమిది నిండితేనే కార్డు. వనజ ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, చిన్న వయసులోనే కార్డయితే సర్వీసు పెరుగుతుంది, ముసలితనంలో పింఛను గట్టిగా వస్తుంది అని ఎవరో భూదవ్వ చెవిన వేశారు. మొగుడు భివండిలో మగ్గాల మీద ఉన్నాడు, అడిగేవాళ్లు లేరు. పిల్లకు తన పెళ్లిచీర కట్టబెట్టి, కొప్పు వేసి, బొట్టు పెద్దది చేసి ఆధార్ సెంటరుకు తీసుకుపోయింది. కుచ్చిళ్లు తొక్కుకుంటూ లోపలికి పోయిన పదమూడేళ్ల పిల్ల పద్దెనిమిదేళ్ల మనిషై బయటికొచ్చింది.

అప్పటినుంచీ వనజ అసలు కార్డు బయట పెట్టలేదు. మార్చకముందు తీసిన జిరాక్సు ఒకటుంటే దానికి జిరాక్సు, దానికి మళ్లీ జిరాక్సు తీసి నెట్టుకొచ్చింది. రాతపరీక్ష రోజు కాలేజీ గుర్తింపు కార్డుతో గండం గడిచింది. ఇన్నాళ్లూ గడిచింది కాబట్టి ఇకముందూ గడుస్తుందని మనసు ఒక మూల నమ్ముతూనే ఉంది. మనసుకు సిగ్గుండదు కదా.

“ఏందే గట్ల వణుకుతున్నవ్? అక్క ఏమన్న తింటదా?” అంది పక్కనున్న స్నేహితురాలు మనోజ్ఞ. అది తన ఫైలు పట్టుకుని పోయి, రెండు చోట్ల ఎర్రగీత గీయించుకుని నవ్వుతూ తిరిగొచ్చింది.

వనజ వంతు వచ్చింది. రాజమణి మెమో చూసింది, టీసీ చూసింది, కుల ధ్రువీకరణ చూసింది. జిరాక్సు దగ్గర చెయ్యి ఆగింది. దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.

“జిరాక్సుకు జిరాక్సు తీసిందా ఇది? మొఖం బొగ్గయింది. నువ్వో మీ నానమ్మో తెలుస్తలేదు. ఒరిజినల్ ఏది?”

“ఇంట్ల మర్శిన అక్కా.”

“గా రోజు సార్‌కు గూడ గిట్లనే చెప్తవా?”

వనజ ఫైలు మూసేయబోయింది. రాజమణి ఆమె ముఖంలోకి చూసి పెన్సిల్ కింద పెట్టింది. 

“ఏవూరు నీది?”

“ఎల్లారెడ్డి.”

“మంచిగైంది. రేపు మా చిన్నమ్మను చూడనీకి ఎల్లారెడ్డికే వస్తున్న. పొద్దున పదింటికి మీ ఇంటికొస్త. తీసి పెట్టు చెల్లె.”

పెద్ద మేలు చేస్తున్నాననుకుని పాపం అలా అంది. వనజ మాత్రం కాగితాలు ఏరుకుని, ఉప్మాకు కూడా ఆగకుండా బస్టాండుకు నడిచింది.

బస్సులో లింగంపేట దాటేదాకా వనజ కిటికీ రాడ్డు వదల్లేదు. దొంగ సర్టిఫికెట్లతో దొరికిన వాళ్ల వార్తలు ఫోన్లో ఎన్ని చూసిందో అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఇంటి ముందు పోలీసు జీపు. జీపులో వాళ్లమ్మ. ఎందుకో ఆ జీపులో కూడా భూదవ్వ ఒళ్లో బీడీల చాట పెట్టుకునే కూర్చుంది. అమ్మ జైలుకు పోతుందని ఒక భయం. నౌకరి పోతుందని ఇంకో భయం. ఈ రెండిట్లో ఏది పెద్దదో తేల్చుకోలేక వనజకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంట్లో భూదవ్వ ఎప్పటిలాగే గోడకు ఆనుకుని కూర్చుని బీడీలు చేస్తోంది. ఆమె వేళ్లు ఆకును చూడకుండానే చుడతాయి, చూడకుండానే దారం కడతాయి. రేపు మేడం వస్తుందని వినగానే మురిసిపోయింది. “నా బిడ్డ కోసం మేడం మన ఇంటికొస్తున్నదా!” అని వాకిలి ఊడ్చింది. ఉన్న సంగతి చెబుదామని వనజ మూడుసార్లు నోరు తెరిచింది. మూడుసార్లూ నీళ్లు తాగి ఊరుకుంది. అమ్మ చూడకుండా రేకుపెట్టెలోంచి ఆధార్ తీసి బియ్యం డబ్బాలో లోతుగా పూడ్చింది. పోయిందని చెబితే సరి. పోయినదాన్ని ఎవరు మాత్రం ఏం చూస్తారు?

పొద్దున పదికి రాజమణి చెప్పినట్టే వచ్చింది. మంచినీళ్లు తాగింది. సంచిలోంచి ఎర్ర పెన్సిల్ తీసింది.

“దొరుకుతలేదక్కా,” అంది వనజ నేల చూస్తూ. “ఎక్కడనో పోయినట్టున్నది.”

“పోవుడేందే?” అని లోపలినుంచి భూదవ్వ కేకేసింది. “ఎసట్లకు బియ్యం తీస్తుంటే దొరికింది. కార్డును బియ్యంల పెడ్తరానే ఎవలన్న?” చీర కొంగుకు తుడుచుకుంటూ తెచ్చి రాజమణి చేతిలో పెట్టింది. అంతటితో ఊరుకుందా, బీడీ కార్డు కూడా తెచ్చి దాని మీద పెట్టింది. 

“ఇదిగూడ చూడు మేడం. నా బిడ్డకు పద్మూడేండ్లకే నౌకరి పెట్టిచ్చిన. ఏడేండ్ల సర్వీసున్నది.”

వనజ గోడ పట్టుకుంది.

రాజమణి కార్డు మీది ఫోటో చూసింది. పెద్దవాళ్ల చీరలో మునిగిపోయిన చిన్న ముఖం. తేదీ చూసింది. మెమో తీసి పక్కన పెట్టి మళ్లీ చూసింది. ఎర్ర పెన్సిల్ ఎక్కడా గీత పెట్టలేదు. 

వనజ ఇక ఆపుకోలేక వెక్కివెక్కి ఏడ్చింది. “నాకు నౌకరి వద్దక్కా. ఎవ్వరికి చెప్పకు. అవ్వను పట్టుకపోతరు.”

భూదవ్వకు ఒక్క ముక్క అర్థం కాలేదు. “ఎందుకు పట్టుకపోతరు? నేనేం జేసిన?”

రాజమణి చెప్పింది. ఆధార్‌లో పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చనిస్తారు. ఆ ఒక్కసారి ఏడేళ్ల కిందట చీరకట్టుతో అయిపోయింది. ఇప్పుడు మళ్లీ సరిచేయమంటే హైదరాబాద్‌లో పెద్దాఫీసుకు పోవాలి. పుట్టిన రికార్డు కావాలి. ఎవరు మార్పించారో వాళ్లు వచ్చి, నేను తప్పు చెప్పాను అని రాసివ్వాలి. బీడీ కార్డు పోతుంది.

“రాసిస్తే అవ్వకు ఏమన్న అయితదా?” అంది వనజ.

“ఏం గాదని చెప్పొచ్చు. కానీ నాకు తెల్వదు చెల్లె. తెల్వనిది చెప్పను.” రాజమణి గొంతు కూడా కొంచెం తగ్గింది. “రాసియ్యకపోతే మాత్రం వెరిఫికేషన్ రోజు ఏమైతదో నాకు తెలుసు. గా బెంచీ ఎనక కూసునేది నాలాంటిదే.”

భూదవ్వ వెళ్లి చాట ముందు కూర్చుంది. ఒక ఆకు తీసుకుంది. తంబాకు పోసి చుట్టబోతే ఆకు చిరిగింది. ఇంకోటి తీసుకుంది. అదీ చిరిగింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ వాళ్లమ్మ చేతిలో ఆకు చిరగడం వనజ చూడలేదు. అది చూసి ఆమెకు జీపును తలుచుకున్నప్పటికంటే ఎక్కువ భయమేసింది.

“అవ్వా, నాకద్దు. నిజంగ అద్దు. నీ పక్కనే కూసుండి బీడీలు చేస్త.”

“నోర్ముయ్,” అంది భూదవ్వ. చాట పక్కకు జరిపింది. “అయిదేండ్లు నేనే ఎక్కిచ్చిన. నేనే దించుత. రాయి మేడం, ఏలు ముద్రేస్త.” తర్వాత మెల్లగా అడిగింది. “అక్కడ సార్ నన్నేం అడుగుతడు?”

రాజమణి లేచింది. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీనీ వాకిలి మధ్యలో వేసుకుంది. భూదవ్వను ఎదురుగా గడప మీద కూర్చోమంది. ఎర్ర పెన్సిల్ చేతిలో పట్టుకుని ముఖం గంభీరంగా పెట్టింది. 

“ఇప్పుడు నేనే సార్‌ను అక్కా. అడుగుతున్న. నీ పేరు?”

“భూదవ్వ,” అని, గబుక్కున లేచి నిలబడి, “సార్,” అంది.

“కూసో. పిల్ల పుట్టిన తేదీ ఎవరు మార్పిచ్చిన్రు?”

భూదవ్వ కాళ్లు రెండూ దగ్గరికి ముడుచుకుంది.

“ఇంకోసారి. ఎవరు మార్పిచ్చిన్రు?”

“ఆధార్ సెంటర్ల కూసున్న పిలగాడు సార్...”

“పిలగాని మీద పెట్టకు. సార్ ఒప్పుకోడు. ఎవరు?”

“నేనే సార్.” 

“ఎందుకు?”

“నౌకరి కోసం సార్. నా బిడ్డ మా లెక్క ఆగం కావద్దని, చిన్నగున్నప్పుడే నౌకరి పెట్టిచ్చిన.”

“ఏం నౌకరి?”

భూదవ్వ చాటవైపు చూసింది. దాంట్లో చిరిగిన ఆకులు రెండూ అలాగే ఉన్నాయి.

“నాకెర్కున్న నౌకరి గదొక్కటే సార్.”

రాజమణి పెన్సిల్‌ను వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చుంది. భూదవ్వకు అది ఇంకా భయంగా అనిపించినట్టుంది, కూతురివైపు తిరిగింది.

“మంచిగనే చెప్పిన్నా బిడ్డా? గిట్ల చెప్తే నిన్నేమనరు గద?”

వనజ కళ్లు తుడుచుకుంది. భయం ఎక్కడికీ పోలేదు. వెళ్లి గడప మీద అమ్మ పక్కన, ఆఫీసరుకు ఎదురుగా కూర్చుని, తంబాకు వాసన కొట్టే ఆ చేతిని పట్టుకుంది.

“ఇంకోసారి అడుగక్కా,” అంది. “ఈసారి ఇద్దర్ని అడుగు.”